ఊరితో కలిసి చేసిన పనిని పేపర్‌గా రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, ములుగు, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేసే లెక్చరర్లు, పీహెచ్‌డీ స్కాలర్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. కొన్ని ఫోన్లో అడిగారు. ఎక్కువ మాత్రం వర్క్‌షాప్ అయిపోయాక, టీ తాగుతూ, పక్కకు పిలిచి అడిగినవే. జవాబులు నా అనుభవంలోంచి చెప్తున్నాను. మీ యూనివర్సిటీ నిబంధన ఎక్కడైనా వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు రిపోర్ట్ రెడీగా ఉంది. కాస్త మార్చి జర్నల్‌కి పంపొచ్చా?

పంపొచ్చు. తిరిగి వస్తుంది.

రిపోర్టుకు కావాల్సింది ఒకటే: అనుకున్న పని అయిందా, లేదా. ఏడు రోజుల స్పెషల్ క్యాంపులో ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని ఇళ్లు సర్వే చేశారు, సర్పంచ్ గారు ఏ రోజు వచ్చారు, చివర్లో బ్యానర్ పట్టుకుని ఒక గ్రూప్ ఫొటో. పేపర్ చదివేవాడు వేరే సంగతి అడుగుతాడు. ఇంతకుముందు తెలియనిది ఇప్పుడేం తెలిసింది? ఎలా తెలిసింది? నమ్మేదెట్లా?

నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో చాలావాటికి చివరి వాక్యం "విద్యార్థులు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారు" అనే ఉంటుంది. ఊరివాళ్లు ఏమన్నారన్నది ఎక్కడా ఉండదు. అలాగని రిపోర్టును పారేయకండి. అందులోని తేదీలు, హాజరు పట్టికలు, మీటింగ్ నోట్సు తర్వాత చాలా పనికొస్తాయి. ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచి నడుస్తోంది. ఒక్కో వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పనిచేస్తాడు. అన్ని గంటల పని అల్మారాలో ఫైళ్లుగా మిగిలిపోవడం చూస్తే బాధేస్తుంది.

మరి పేపర్‌కి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది?

ఊరు మిమ్మల్ని ఎక్కడ సరిదిద్దిందో అక్కడి నుంచి. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

కొన్నేళ్ల కింద నర్సంపేట వైపు ఒక ఊళ్లో మా విద్యార్థులు చెరువు పూడికమట్టి మీద సర్వే చేశారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికను రైతులు సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నారు కదా, దాని సంగతి. మా ప్రశ్నాపత్రంలో "మట్టి వేశాక దిగుబడి పెరిగిందా?" అని ఉంది. దాదాపు అందరూ పెరిగిందన్నారు. మాకు సంబరం. డ్రాఫ్ట్ రాసేసి, పంపేముందు ఒకసారి ఊళ్లో చదువుదామని పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాం. "మత్తడి దగ్గర నీళ్లు వదిలినప్పుడు" అన్న మాట రాగానే, ఒకప్పుడు నీరటిగా, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషిగా పనిచేసిన పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"మత్తడి కాడ ఎవడు ఇడుస్తడు సారూ? చెరువు నిండితే అదే దుంకుతది. ఇడిసేది తూము కాడ."

అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. తూము కింద ఏ మడికి ఎవరు మట్టి తోలుకున్నారో, ఎవరు తోలుకోలేదో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. తోలుకోనివాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు. వచ్చే ఏడు ఆ భూమి తమ చేతిలో ఉంటుందో లేదో తెలియనప్పుడు ట్రాక్టర్ కిరాయి ఎందుకు పెట్టుకుంటారు? మా ప్రశ్నాపత్రంలో కౌలు గురించి ఒక్క ప్రశ్న లేదు. పైగా మేం కలిసింది మట్టి వేసుకున్నవాళ్లనే. వాళ్లు దిగుబడి పెరిగిందనే చెప్తారు మరి.

ఆ డ్రాఫ్ట్ పక్కన పెట్టి మళ్లీ రాశాం. కొత్త ప్రశ్న ఇది: యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన సర్వే ఊళ్లో ఎవరిని వదిలేసింది, ఎందుకు? దిగుబడి లెక్క కంటే ఇది రివ్యూయర్లకు, అంటే జర్నల్ తరఫున పేపర్ చదివి తూచేవాళ్లకు, ఎక్కువ పనికొచ్చింది. యూనివర్సిటీకీ సమాజానికీ మధ్య సంబంధం మీద పేపర్ రాస్తున్నప్పుడు ఆ సంబంధంలో మన వైపు కూడా పరిశోధన కిందికే వస్తుంది. మనం ఎట్లా వెళ్లాం, ఏం అడిగాం, ఏం మార్చుకున్నాం అన్నది లేకపోతే అది వ్యవసాయం పేపరో ఆరోగ్యం పేపరో అవుతుంది. ఈ రంగం పేపర్ కాదు.

ఇదంతా సేవ కదా, పరిశోధన అంటే మా హెచ్‌ఓడీ ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

2022లో యూజీసీ సామాజిక బాధ్యత, సమాజంతో మమేకం కావడం గురించి ఇచ్చిన మార్గదర్శకాలు చూపించండి. అందులో 2 క్రెడిట్ల కోర్సు ఉంది, సమాజంతో కలిసి చేసే పరిశోధన గురించీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఇదే దారిలో మాట్లాడుతుంది. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద మీ కాలేజీ ఊళ్లు దత్తత తీసుకుని ఉంటే ఇంకా సులువు. దత్తత అన్న మాట నాకు మాత్రం నచ్చదు. ఊరేమైనా చిన్నపిల్లా?

ప్రమోషన్ పాయింట్ల లెక్కలో ఇలాంటి పనికి తక్కువ విలువ ఉందన్నది నిజమే. అందుకే పేపర్‌గా వేయాలంటున్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరా? పని అయిపోయాక తీసుకోవచ్చా?

మనుషుల నుంచి సమాచారం తీసుకుని, దాన్ని పరిశోధనగా అచ్చు వేయాలనుకుంటే అనుమతి కావాలి, అదీ పని మొదలుపెట్టక ముందే. వెనక తేదీతో అనుమతి ఇవ్వడం కమిటీలు చేయకూడని పని. ఆరోగ్యానికి సంబంధించినదైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలే ఆధారం. ప్రమాదం బాగా తక్కువ ఉన్న అధ్యయనాలకు మినహాయింపు, కొన్నింటికి త్వరిత పరిశీలన, మిగతావాటికి పూర్తి కమిటీ పరిశీలన అని అందులో మూడు దారులున్నాయి. గుర్తుంచుకోండి, మినహాయింపు కూడా కమిటీయే ఇవ్వాలి. మనకు మనమే ఇచ్చుకునేది కాదు.

మీ కాలేజీలో కమిటీ లేకపోతే దగ్గరి యూనివర్సిటీలోనో మెడికల్ కాలేజీలోనో ఉన్న కమిటీని అడగండి. ముందే మాట్లాడుకుంటే కుదిరే అవకాశం ఉంది.

అనుమతి లేకుండా పని అయిపోయిందా? ఊరివాళ్ల మాటలు, వివరాలు వాడకుండా, మీ బోధన గురించి, మీరు చేసిన తప్పుల గురించి అనుభవ వ్యాసం రాయండి. అలాంటివి వేసే జర్నళ్లున్నాయి, కింద చెప్తాను.

సంతకం పెట్టమంటే ఊళ్లో భయపడుతున్నారు. సమ్మతి ఎలా తీసుకోవాలి?

భయపడరా మరి? కాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. ముందు కాగితం తీయకండి. ఎవరు మీరు, ఎందుకు అడుగుతున్నారు, ఈ మాటలు ఎక్కడికి పోతాయి, పథకాలకు దీనికి సంబంధం ఉందా అన్నవి మాటల్లో చెప్పండి. చివరిదైతే రెండుసార్లు చెప్పండి. సర్వే అనగానే పింఛనో ఇల్లో వస్తుందనుకుంటారు. ఆ ఆశ మీద తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు.

చదవడం రాని వాళ్లకు చదివి వినిపించి, మీ జట్టుకు చెందని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవచ్చు. నోటి సమ్మతి రికార్డు చేయడానికి కమిటీ ఒప్పుకుంటే అలాగే చేయండి. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితోపాటు పిల్లల ఇష్టం కూడా కావాలి. బడిలో హెడ్‌మాస్టర్ గారు సరే అన్నారని నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఫారాలు నింపించడం మన దగ్గర మామూలైపోయింది. రివ్యూయర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఏజెన్సీ గ్రామాల్లో పనిచేస్తున్నాం. అదనంగా ఏం చూసుకోవాలి?

ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏలకు (గిరిజనాభివృద్ధి సంస్థలకు) ముందుగా చెప్పండి. ఊరి పెద్దలతో, గ్రామసభలో మాట్లాడండి. కోయ, గోండి మాట్లాడే ఇంట్లో తెలుగు ప్రశ్నాపత్రం చదివి "అర్థమైందా" అంటే తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని డేటా అనుకోవద్దు. ఆ భాష వచ్చిన విద్యార్థి మీ క్లాసులోనే ఉండొచ్చు. అతన్ని దుబాసీగా కాదు, జట్టులో మనిషిగా పెట్టుకోండి.

ఈ ప్రాంతంలో ఇలాంటి పని గురించి మాట్లాడితే ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పేరు వస్తుంది. 1940లో కొమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడటానికి ఆయన్ని పంపింది. ఆయన మార్లవాయిలో గోండుల మధ్యే ఉండి రాశాడు. అక్కడే గోండుల కోసం టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, ఉస్మానియాలో పాఠాలూ చెప్పాడు. ప్రభుత్వం పంపిన మనిషి అన్న సంగతి మరవకూడదు. అయినా ఆయన, ఆయన భార్య సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, గోండులు ఇప్పటికీ అక్కడికి వెళ్లి దండం పెడతారు. మనం సర్వేకి వెళ్లొచ్చిన ఊళ్లో ఆరు నెలల తర్వాత మన పేరు ఎవరికైనా గుర్తుందా అని ఒకసారి కనుక్కోండి.

ఊరి పేరు, మనుషుల పేర్లు రాయాలా, దాచాలా?

అడగండి. అందరికీ ఒకే జవాబు ఉండదు.

పోడు భూమి గురించి మాట్లాడిన మనిషి పేరు, ఊరి పేరు రాస్తే రేపు అతని మీద కేసు రావొచ్చు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వలస వచ్చిన గుత్తికోయల ఆవాసాల విషయంలో ఊరి పేరే కాదు, ఏ వాగు పక్కనో కూడా రాయొద్దు. మరోవైపు చేర్యాల నకాషీ చిత్రకారుడి దగ్గరో, పెంబర్తి ఇత్తడి పనివాళ్ల దగ్గరో, కొత్తవాడ దర్రీల నేతగాళ్ల దగ్గరో నేర్చుకుని "ఒక చేతివృత్తి నిపుణుడు" అని రాస్తే అది దొంగతనం లాంటిదే. ఆ మూడింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, వాళ్ల పేరే వాళ్ల ఆస్తి. పేరు వేయమంటే వేయండి. డిజైన్ ఫొటో వాడాలంటే దానికి విడిగా అనుమతి తీసుకోండి.

ఊరివాళ్లను రచయితలుగా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పెట్టాల్సిన చోట పెట్టకపోవడమే తప్పు. చాలా జర్నళ్లు పాటించే ప్రమాణం ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే నాలుగు కావాలి: ఆలోచనలోనో సమాచార సేకరణలోనో విశ్లేషణలోనో గట్టి పాత్ర, రాతలోనో సవరణలోనో పాత్ర, తుది ప్రతికి ఆమోదం, రాసినదానికి జవాబుదారీతనం. మా నీరటి పెద్దాయన మొదటిది నిండుగా చేశాడు. సవరణ కూడా చేశాడు, నోటితో. తుది ప్రతిని తెలుగులో మొత్తం వినిపించాక అడిగితే "నా పేరు ఎందుకు సారూ, చెరువు పేరు మంచిగ రాయండ్రి" అన్నాడు. కృతజ్ఞతల్లో రాశాం. వద్దనే హక్కు ఆయనకు ఉంది. అడగాల్సిన బాధ్యత మాత్రం మాదే.

మహిళా సంఘం మొత్తంగా పనిచేస్తే సంఘం పేరుతో పెట్టడానికి కొన్ని జర్నళ్లు ఒప్పుకుంటాయి. ముందే ఎడిటర్‌కి మెయిల్ రాసి అడగండి. ఇక ఊళ్లోకి అడుగు పెట్టని ప్రిన్సిపాల్ గారి పేరు రెండో స్థానంలో ఉండటం... దాని గురించి ఇక్కడ రాయను. మీకు తెలుసు.

ఏ జర్నల్‌కి పంపాలి?

ఈ రంగానికే ఉన్నవి కొన్ని. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం నుంచి జర్నల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ అవుట్‌రీచ్ అండ్ ఎంగేజ్‌మెంట్ వస్తుంది. పూర్తి పరిశోధనా వ్యాసాలే కాక, ఇంకా మొదటి దశలో ఉన్న ప్రాజెక్టులకూ, అనుభవ వ్యాసాలకూ, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల పరిచయాలకూ అందులో విడి విభాగాలున్నాయి. మొదటిసారి రాసేవాళ్లకు ఆ విభాగాలే మంచి దారి. మిషిగన్ విశ్వవిద్యాలయం 1994లో మొదలుపెట్టిన జర్నల్ సర్వీస్ లెర్నింగ్ మీద, అంటే సమాజంలో పనిచేస్తూ పాఠం నేర్చుకోవడం మీద, ఎక్కువ దృష్టి పెడుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి వచ్చే గేట్‌వేస్‌లో సమాజ భాగస్వాములతో కలిసి రాసినవి బాగా కనిపిస్తాయి.

పని భూమి గురించో చదువు గురించో అయి, విధానం మీద చెప్పాల్సింది ఉంటే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ కూడా చూడండి. ఏది ఎంచుకున్నా ముందు అందులోని గత రెండేళ్ల వ్యాసాలు ఓ ఐదు చదవండి. వాళ్లకు నర్సంపేట ఎక్కడుందో తెలియదు. నీరటి, మత్తడి, కౌలు ఏంటో ఒక్కో వాక్యంలో చెప్పాలి. మనకు తెలిసిందే కదా అని వదిలేసిన చోటే వాళ్లు తప్పిపోతారు.

ఒక జర్నల్ వాళ్లు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. వారంలో వేస్తామంటున్నారు, ఫీజు తక్కువే. పంపనా?

వద్దు. నేనూ ఒకసారి మోసపోయాను. పీహెచ్‌డీ చివర్లో టెన్షన్‌లో ఉండి డబ్బు కట్టాను. నాలుగు రోజుల్లో "ఆమోదించాం" అని సర్టిఫికెట్ వచ్చింది. రివ్యూ కామెంట్ ఒక్కటీ లేదు. వ్యాసంలో నేను పట్టిక సంఖ్య తప్పు వేశాను, అదీ అలాగే అచ్చయింది. ఇప్పటికీ నా బయోడేటాలోంచి ఆ పేపర్‌ను తీసేసే చెప్తాను.

ఫీజు ఉన్నంత మాత్రాన దొంగ జర్నల్ అని కాదు, పేరున్నవి కూడా తీసుకుంటాయి. చూడాల్సింది ఇది. ఎడిటోరియల్ బోర్డులో పేర్లున్నవాళ్ల యూనివర్సిటీ పేజీలో ఈ జర్నల్ ప్రస్తావన ఉందా? జర్నల్‌కు గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు అధికారిక పోర్టల్‌లో అదే పేరుతో ఉందా? ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ డీఓఏజేలో ఉందా? అసలు జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉంటాయి. కాబట్టి మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకుండా మీరే వెతికి వెళ్లండి.

యూజీసీ కేర్ లిస్టులో ఉండాలంటున్నారు?

నమ్మదగిన జర్నళ్లంటూ ఇచ్చిన ఆ లిస్టును యూజీసీ నిలిపేసింది, 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. జర్నల్ మంచిదో కాదో తేల్చుకునే బాధ్యత ఇప్పుడు సంస్థల మీద, మన మీద పడింది. కొన్ని సూచిక ప్రమాణాలు మాత్రం ఇచ్చారు. పీహెచ్‌డీ సమర్పించేముందు పేపర్ వేసి తీరాలన్న షరతు కూడా యూజీసీ 2022 నిబంధనల్లో లేదు. అయితే మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు. పరిశోధన విభాగంలో కాగితం మీద రాసి అడగండి, క్యాంటీన్‌లో విన్నది నమ్మకండి.

తెలుగులో రాస్తే లెక్కలోకి వస్తుందా?

తెలుగు సాహిత్యం, చరిత్ర విభాగాల్లో వస్తుంది. మిగతా చోట్ల కష్టమే, అది మారాలి. ఇంగ్లీషులో రాసినా ఊరివాళ్ల మాటలు తెలుగులోనే ఉంచి పక్కన అనువాదం ఇవ్వండి.

కొత్తవాడలో ఒకామె దర్రీ మగ్గం ముందు కూర్చుని నూలు ధర గురించి మాట్లాడుతూ "ఆగమైనం బిడ్డా" అంది. మా విద్యార్థిని దాన్ని ఇంగ్లీషులో "మేం నష్టపోయాం" అన్న అర్థంతో రాసింది. నష్టమంటే లెక్క. ఆగం కావడమంటే దిక్కు తోచకపోవడం, ఇల్లు చెల్లాచెదురు కావడం, ఎటూ పాలుపోకపోవడం. ఆ ఒక్క మాట మీద మేం అరగంట వాదించుకున్నాం. చివరికి మాటను అలాగే ఉంచి రెండు వాక్యాల వివరణ రాశాం. ఆ పేరానే బాగుందని రివ్యూయర్ రాశారు.

సాఫ్ట్‌వేర్ చూపించే కాపీ శాతం ఎంత దాకా ఉండొచ్చు? ఏఐతో రాయించొచ్చా?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. రిఫరెన్సులు, సరిగ్గా ఉదహరించిన మాటలు లెక్కలోకి రావు. సొంత రిపోర్టులోంచి ఎత్తి పెట్టినా, అది ఎక్కడిదో చెప్పండి.

ఏఐ టూల్‌ను రచయితగా పెట్టకూడదు, వాడితే ఎక్కడ వాడారో చెప్పాలి. ఇంగ్లీషు సరిచేయించుకోండి, ఫర్వాలేదు. ఇంటర్వ్యూ రికార్డింగులు మాత్రం అందులో పెట్టకండి. ఆ మాటలు మిమ్మల్ని నమ్మి చెప్పినవి.

అనుకున్న ఫలితం రాలేదు. ఊళ్లో పని ఫెయిలైంది. ఇక పేపర్ లేనట్టేనా?

రాయండి. ఈ రంగంలో అన్నీ విజయగాథలే, చదివి చదివి విసుగొచ్చింది. లైబ్రరీ పెట్టారు, మూడు నెలలకు తాళం పడింది. ఎందుకు పడింది? తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? సెమిస్టర్ అయిపోయి పిల్లలు వెళ్లిపోతే సాయంత్రం ఎవరు తెరవాలని అనుకున్నారు? అక్కడ మంచి పేపర్ ఉంది. కాకపోతే తప్పును ఊరి మీదికి నెట్టకండి. "గ్రామస్తుల్లో అవగాహన లోపించింది" అని కనిపిస్తే నేనైతే ఆ డ్రాఫ్ట్ అక్కడే మూసేస్తాను.

రివ్యూయర్ మూడు పేజీల కామెంట్లు పంపారు. తిరస్కరించినట్టేనా?

కాదు, చదివారని అర్థం. ఒక్కో కామెంటుకు ఏం మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో విడి కాగితంలో మర్యాదగా రాసి పంపండి. ఊళ్లో ఇచ్చిన మాటకు విరుద్ధంగా వివరాలు అడిగితే ఇవ్వలేమని చెప్పండి. ఎడిటర్లు అర్థం చేసుకుంటారు.

అచ్చయ్యాక ఊరికి ఏం ఇవ్వాలి?

పీడీఎఫ్ లింకు కాదు. పెద్ద అక్షరాల్లో తెలుగులో రెండు పేజీలు, చదివి వినిపించే ఒక సాయంత్రం. మేం తీసుకెళ్లినప్పుడు పెద్దాయన కళ్లద్దాలు తెచ్చుకుని, ముందు తూము అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి వెతికాడు. కౌలుదార్ల సంగతి చదివేటప్పుడు మాత్రం భూమి ఉన్నవాళ్లలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. అలా కూడా జరుగుతుంది. ముందే ఆలోచించుకుని, కౌలుదార్లతో విడిగా మాట్లాడి ఉండాల్సింది. మేం మాట్లాడలేదు.

మొత్తం ఎంత కాలం పడుతుంది?

పంపిన దగ్గర్నుంచి అచ్చయ్యేదాకా ఏడాది అనుకోండి, అంతకు మించినా ఆశ్చర్యపోకండి. ఊళ్లో పనికి ఇంకో ఏడాది. ఆ క్యాలెండర్ సెమిస్టర్‌ని బట్టి కాదు, పంటని బట్టి వేసుకోండి. పత్తి ఏరేటప్పుడు, మిర్చి తెంపేటప్పుడు మీటింగ్ పెడితే ముసలివాళ్లు తప్ప ఎవరూ రారు. మేడారం జాతర జరిగే ఏడాది ఆ నెల అసలు లెక్కలోంచి తీసేయండి.